ఒకటో నంబరు కుర్చీ

మా వాడలో హాకీ ఎవరూ నేర్పలేదు. నూలు కట్టల్లోంచి మేమే ఏరుకున్నాం. ఏరుకున్నదాంట్లో చాలా భాగం తప్పని తరువాత తెలిసింది. అయినా రేడియోలో హాకీ మాట వినబడితే నాకు ఆ తప్పు ఆటే గుర్తుకొస్తుంది. నిజం చెప్పాలంటే అదే నయమనిపిస్తుంది కూడా.

మాది హుస్నాబాద్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న పద్మశాలీల వాడ. ఇంటింటా మగ్గం. నెలకోసారి చేనేత సంఘం వాళ్లు ఎడ్లబండి మీద నూలు కట్టలు పంపేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏటి చలికాలంలో వచ్చిన కట్టల్లో ఒక వింత కనిపించింది. పైన చుట్టిన కాగితం తీయగానే చుట్టలుగా పెట్టిన నూలు చిలపల మీద అరచేయంత అట్టముక్క ఉంది. దాని మీద రంగుల్లో ఒక మనిషి. పొట్టి లాగు, మోకాళ్ల దాకా మేజోళ్లు, చేతిలో చివర వంపు తిరిగిన కర్ర. మూలన ఒక అంకె, వెనక ఏదో ఇంగ్లీషు రాత. అంతకుముందు నూలు వడికే మిల్లువాళ్లు లక్ష్మీదేవి బొమ్మ వేసేవారు. ఆమెను కళ్లకద్దుకుని గోడకు అంటించేవాళ్లం. ఈ లాగుల మనిషిని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

కట్ట విప్పడం మా దగ్గర ఆడవాళ్ల పని. నూలు నానబెట్టేదీ, గంజి పట్టించేదీ వాళ్లే కదా. మిల్లులో బిగించిన పురికొసకు ముడి మీద ముడి ఉంటుంది. దాన్ని కత్తి పెట్టి కోయం. కోస్తే మగ్గం మీద పోగులు తెగుతూనే ఉంటాయని మా వాళ్ల నమ్మకం. ఎంత మొండి ముడి అయినా గోటితో, పంటితో విప్పి, ఆ తాడు చుట్టి దాచుకోవాల్సిందే. ఇదివరకు ఆ పని ఎప్పుడు జరిగేదో మగవాళ్లకు తెలిసేది కాదు. బొమ్మలు రావడం మొదలయ్యాక మాత్రం కట్ట విప్పుతున్నారంటే మగ్గాలు ఆపి మరీ పోయి నిలబడేవాళ్లం. మేం మెడలు చాచి చూస్తున్నామని తెలిసి మా ఇంటావిడ ముడి దగ్గర కావాలనే తీరిగ్గా కూర్చునేది. మధ్యలో లేచి పొయ్యి మీద పప్పు కలిపి వచ్చేది. అంత కోపం నాకు మా అత్తగారి మీద కూడా ఎప్పుడూ రాలేదు.

బొమ్మలు తీసుకుని బడి పంతులు దగ్గరికి పోయాం. ఆయన ఉర్దూలో చదువుకున్నవాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం. అక్షరం అక్షరం కూడబలుక్కుని అది హాకీ అని, సికింద్రాబాదు లష్కర్‌లో పటాలం వాళ్లు ఆడతారని చెప్పాడు. తాను చూశాడట కూడా. అయితే బస్సులోంచి చూశాడు, మధ్యలో పెద్ద ప్రహరీ గోడ. గోడ మీదుగా కర్రలు లేవడం, దిగడం మాత్రం కనిపించాయట. ఆయన చదువుకు అంతకంటే సాయం అడగడం న్యాయం కాదని వచ్చేశాం.

ఇక మేమే తేల్చుకోవాల్సి వచ్చింది. దొరికిన బొమ్మలన్నీ ముసలి రాజయ్య అరుగు మీద పరిచాం. రాజయ్యకు చూపు మందగించి నేత మానేశాడు గానీ నోరు మాత్రం నేస్తూనే ఉండేది. బొమ్మల్లో సగంమంది కుడివైపు చూస్తున్నారు, సగంమంది ఎడమవైపు. ఎదురెదురుగా పేరిస్తే చక్కగా రెండు వరుసలయ్యాయి. బంతి రెండు బొమ్మల్లోనే ఉంది. ఐదో నంబరు మనిషి కర్ర నుంచి బంతి వెళ్లిపోతోంది, ఆరో నంబరు మనిషి కర్ర దగ్గరికి బంతి వస్తోంది. అది చూడగానే మాకు అర్థమైపోయింది. ఇది మన పనే. పడుగు పోగుల మధ్య నాడె ఇటు నుంచి అటు పోతుంది, అటు నుంచి ఇటు వస్తుంది. ఆగకూడదు, పక్కకు జారకూడదు. గెలిచేదెవరు, ఓడేదెవరు అన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. మగ్గం మీద ఎవరు గెలుస్తారు?

అరుగు కింద నిలబడి చూస్తున్న కమలవ్వ ఒక మాట అన్నది. మేమంతా కర్రలు చూశాం, ఆమె మేజోళ్లు చూసింది.

“అందరి మేజోళ్లకు పైన రెండు నీలం చారలున్నయ్. ఒక్క మగ్గం మీద దించినట్టు. గీళ్లంత ఒక్కింటోళ్లే.”

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. కమలవ్వ సిద్దిరాములు భార్య. సిద్దిరాములు తమ్ముడు వెంకటి. ఆమె కాపురానికి వచ్చేసరికి వెంకటి తల్లి లేని పిల్లవాడు. ఆమె కొంగు పట్టుకునే పెరిగాడు. వదినె పెట్టందే తినేవాడు కాదు. పెద్దయ్యాక, పెళ్లయ్యాక, అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నేసేటప్పుడు కాళ్లు దించుకునే మగ్గం గుంతల్లో కిటికీ వెలుతురు పడేది ఎవరిదన్న దగ్గర మాట పెరిగింది. ఆ గుంత అన్నకే ఉండిపోయింది. వాకిట్లో మట్టిగోడ లేచింది. రెండేళ్లుగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. అన్నతో మాట్లాడకపోతే పోయె, వెంకటి వదినెతో కూడా మానేశాడు. తప్పనిసరై ఏదైనా చెప్పాల్సి వస్తే ఆమె వినేలా మేకతో చెప్పేవాడు. నీళ్లబిందె పగిలిందని మేకకు చెప్పాడు, కొడుకు పుట్టాడని మేకకు చెప్పాడు. కమలవ్వ ఆ మేకను చూసి ఏడ్చిన రోజులు మా వాడ ఆడవాళ్లకు తెలుసు. ఆమెకు ఆస్తి అక్కర్లేదు, మగ్గం గుంత అక్కర్లేదు. వాడు మళ్లీ ‘వదినె’ అని పిలవాలి. అంతే ఆమె కోరిక.

శివరాత్రి వెళ్లాక ఆట మొదలుపెట్టాం. వంకర తిరిగిన తుమ్మకొమ్మలు చెక్కి కర్రలు చేశాం. తుక్కు నూలు గట్టిగా చుట్టి బంతి చేశాం. ఎవరి కట్టలో ఏ నంబరు వస్తే ఆ నంబరు వాళ్లదే అని రాజయ్య తీర్పు చెప్పాడు. అదే నంబరు మళ్లీ ఇంకొకరికి వస్తే ముందు వచ్చినవాడిదే హక్కు. బొమ్మలో మనిషి ఎలా నిలబడితే అలాగే నిలబడాలని కూడా చెప్పాడు. నాకు ఎనిమిదో నంబరు వచ్చింది. ఆ ఎనిమిదోవాడు ఏం పోగొట్టుకున్నాడో గానీ నడుము రెండుగా వంచి నేల వెతుకుతున్నట్టు ఉంటాడు. పొద్దంతా మగ్గం గుంతలో వంగిన నడుమును సాయంత్రం మళ్లీ అలా వంచాలంటే నాకు రాజయ్య పీక నొక్కాలనిపించేది.

ఐదో నంబరు సిద్దిరాములుకు వచ్చింది. ఆరో నంబరు వెంకటికి వచ్చింది.

ఇది ఎవరూ పన్నింది కాదు. మిల్లులో ఎవడు ఏ కట్టలో ఏం పెట్టాడో ఎవరికి తెలుసు? కానీ బొమ్మల ప్రకారం ఐదోవాడు కొడితే ఆరోవాడే అందుకోవాలి. మొదటి సాయంత్రం అన్న బంతి కొట్టాడు, తమ్ముడు మొహం పక్కకు తిప్పుకునే దాన్ని ఆపి పంపాడు. కొన్నాళ్లకు మొహం తిప్పితే బంతి పోతోందని అటే చూడటం మొదలుపెట్టాడు. ఒకరోజు బంతి కాస్త వంకరగా పోయింది. సిద్దిరాములు నోటి నుంచి తెలియకుండానే “పట్టు” అన్న మాట వచ్చింది. మరో వారానికి అది “ఎంకటీ, పట్టు” అయింది. మేం ఎవరం ఏమీ విననట్టే నిలబడ్డాం. గుమ్మంలో కూర్చుని రాట్నం తిప్పుతున్న కమలవ్వ చేయి మాత్రం ఆగింది.

అన్ని నంబర్లూ వచ్చాయి, ఒకటో నంబరు తప్ప. బండి వచ్చిన రోజు వాడంతా అదే యావ. ఒకటోవాడు ఎలా ఉంటాడు? ఏం చేస్తుంటాడు? వాడి కర్ర వేరుగా ఉంటుందా? ఒకరు వాడి చేతిలో జెండా ఉంటుందన్నారు. ఇంకొకరు అసలు మనిషే ఉండడు, ఒట్టి బంతి ఉంటుందన్నారు. రాజయ్య అందరినీ కొట్టిపారేశాడు.

“ఒకటోడు దొర. దొర ఆడుతడా? కుర్సీల కూసోని సూస్తుంటడు.”

మా ఊళ్లో బతికినవాళ్లకు ఆ మాట కాదనడానికి ఏమీ కనిపించలేదు. ఎవరింట్లోదో చేయి విరిగిన కుర్చీ తెచ్చి రెండు వరుసలకు అవతల పెట్టాం. రోజూ ఆటకు ముందు దాని దుమ్ము దులిపేవాళ్లం. అందులో ఎవరూ కూర్చోలేదు. బండి వచ్చినప్పుడల్లా కుర్చీ మనిషి వచ్చాడా అని బండివాణ్ణి అడిగేవాళ్లం.

చైత్ర పున్నమికి వాడవాళ్లమంతా బండ్లు కట్టుకుని కొండగట్టు జాతరకు పోయాం. పడుగుకు గంజి పెట్టాల్సి ఉందని కమలవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. ముందురోజు వచ్చిన కట్ట ఒంటరిగా విప్పింది. మేమెవరం లేము గనక ముడులు తొందరగానే వచ్చాయట. తరువాత చాలా రోజులకు ఆమె చెప్పబట్టి ఈ సంగతి నాకు తెలుసు.

కాగితం తీసేసరికి ఒకటో నంబరు.

అందులో కుర్చీ లేదు. రెండు గుంజల మధ్య వల కట్టి ఉంది. దాని ముందు ఒక మనిషి, కాళ్లకు పరుపుల్లాంటివి కట్టుకుని, కాస్త భయపడ్డ మొహంతో నిలబడ్డాడు. బంతి నేరుగా అతని మీదికే వస్తోంది. ఎంత ఆత్రంగా చూసిందో ఆమె. కాళ్లకు అవి ఎందుకు కట్టాడు? దెబ్బ తగలకుండా. దెబ్బ ఎవరు కొడుతున్నారు? బొమ్మ అంచున, సగం తెగిపోయి, ఒక కాలు కనిపించింది, ఒక కర్ర కొస కనిపించింది. ఆ కాలి మేజోడుకు నీలం చారలు లేవు. ఎర్రటి మేజోడు అది. ఒక్కింటివాళ్లది కాదు.

ఈ ఆటలో అవతల ఇంకో ఇంటివాళ్లు ఉంటారని, బంతిని అందుకోవడానికి కాక ఓడించడానికి కొడతారని కమలవ్వకు ఆ ఒక్క కాలితో అర్థమైంది. ఈ బొమ్మ బయటపడితే రాజయ్య వరుసలను విడగొడతాడు. ఇటు సిద్దిరాములు, అటు వెంకటి. ఈ నెలన్నరలో బంతి ఒక్కో దెబ్బతో దగ్గరికి తెచ్చిన ఇద్దరూ మళ్లీ గోడకు చెరోవైపు పోతారు. బొమ్మను చుట్టగా చుట్టి, సూదులు దాచుకునే వెదురుబొంగులో దూర్చి, పైన గుడ్డ కుక్కింది. జాతర నుంచి తిరిగి వచ్చి సిద్దిరాములు అడిగితే ఎప్పటి నాలుగో నంబరే వచ్చిందని చెప్పి, పాత నాలుగో నంబరు చూపించింది. అబద్ధం ఆడటం ఆమెకు అలవాటు లేదు. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

ఈస్టర్ పండుగ వెళ్లిన వారంలో దేవసహాయం వచ్చాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వాళ్లక్క సంతోషమ్మ మా ఊళ్లోనే ఉంటుంది. సెలవు మీద అక్కను చూడటానికి వచ్చినవాడు, వాడలోంచి పోతూ మా ఆట దగ్గర ఆగిపోయాడు. బాయిపనివాళ్ల జట్టులో తాను హాకీ ఆడతానని చెప్పగానే మేం కర్రలు దించేసి చుట్టూ మూగాం. ఆడి చూపించమన్నాడు. చూపించాం. బంతి ఒక్కసారి కూడా పక్కకు పోలేదు. అతను నోరు తెరుచుకుని చూశాడు. ఇంత సాఫీగా బంతి అందించుకునేవాళ్లను తమ జట్టులో కూడా చూడలేదన్నాడు. నా నడుము నొప్పి సగం తగ్గింది.

తరువాత అటూ ఇటూ చూసి అడిగాడు.

“ఆట మంచిగున్నది. కని గోల్ ఏది? గా ఇరిగిన కుర్సీ ఎందుకు పెట్టిన్రు?”

ఒకటో నంబరుది అని, దొర అందులో కూర్చుంటాడని రాజయ్య చెప్పాడు. దేవసహాయం కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు గానీ రాజయ్యకు చిన్నతనమైంది. అప్పుడు అతను అంతా విడమరిచి చెప్పాడు. ఇది రెండు జట్ల ఆట. రెండు వైపులా గుంజలు పాతాలి. అవతలివాళ్ల గుంజల మధ్యకు బంతి కొట్టాలి. అలా కొట్టకుండా కాచేవాడే ఒకటో నంబరు. మా బొమ్మల్లో ఒక్క జట్టే ఉందట, రెండోదాన్ని మిల్లువాళ్లు అచ్చు వేయలేదట.

మాకు పిచ్చి ఉత్సాహం పుట్టింది. ఇన్నాళ్లూ సగం ఆటే ఆడామా? వెదురుగుంజలు తెచ్చి పాతాం. జట్లు ఎలా అన్నాడు దేవసహాయం. ఇందులో వెతకడానికేముంది, వరుసలు సిద్ధంగానే ఉన్నాయి కదా అన్నాడు రాజయ్య. ఈ వరుస ఒక జట్టు, ఆ వరుస ఒక జట్టు. నేను కూడా సరేనన్నాను. గుమ్మంలో కమలవ్వ లేచి నిలబడటం చూశాను. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

దేవసహాయం బంతిని నడుమ పెట్టాడు. ఒక్కో జట్టు నుంచి ఒకరు రావాలన్నాడు. ఐదో నంబరును, ఆరో నంబరును పిలిచాడు. బంతికి చెరోవైపు నిలబడి, కర్రతో నేలను తట్టి, ఒకరి కర్ర ఒకరు తట్టి, ఆపైన ఎవరు ముందైతే వాళ్లు బంతిని లాక్కోవాలి. ఆట అలా మొదలవుతుందట. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా వంగారు. నేల తట్టారు. కర్రలు తగిలాయి. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. నూలు బంతి చప్పుడుకు అలవాటుపడ్డ చెవులు మావి.

వెంకటి నిటారుగా లేచాడు. కర్ర కింద పడేశాడు. తన ఇంట్లోకి పోయాడు. అలిగాడనుకున్నాం. వెంకటికి అలకలు కొత్త కాదు. కానీ వెంటనే తిరిగి వచ్చి చేతిలోది దేవసహాయానికి చూపించాడు. వల ముందు నిలబడ్డ మనిషి, కాళ్లకు పరుపులు, మూలన ఒకటో అంకె. పట్టుకుని పట్టుకుని అట్ట అంచులు మెత్తబడ్డాయి.

“నువ్వు చెప్పేది గీన్నే గదా. హోళీ నాడు మీరంత రంగులాడంగ మా ఇంటిది ఇప్పిన కట్టల దొరికిండు నాకు. కాళ్లకు కట్టుకున్నది జూసిన. మీదికొచ్చే బంతి జూసిన. అవతల కొట్టేటోడు ఉంటడని సమజైంది. గీడ అవతలోడంటే మా అన్ననే అయితడు.” బొమ్మను అన్న వైపు తిప్పాడు. “ఇంట్ల ఒక గోడ పెట్టుకున్నం, సాలు. గీడ గూడ పెట్టుకునుడు నాతోని గాదు.”

సిద్దిరాములు తమ్ముడి చేతిలోంచి బొమ్మ తీసుకున్నాడు. దాని మీద దుమ్మేమీ లేదు. అయినా భుజం మీది తువ్వాలతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. హోళీ నుంచి ఇన్నాళ్లు, కుర్చీ మనిషి వచ్చాడా అని మేం బండివాణ్ణి అడుగుతుంటే వెంకటి కూడా మాతోపాటే అడిగాడు. కుర్చీ దుమ్ము కూడా వాడే ఎక్కువసార్లు దులిపాడు.

అప్పుడు కమలవ్వ ఇంట్లోంచి వచ్చింది. ఆమె లోపలికి పోయిందని మేం గమనించనేలేదు. చేతిలో వెదురుబొంగు ఉంది. గుడ్డ పీకి, వేలు పెట్టి, చుట్ట చుట్టిన అట్టముక్క బయటికి లాగి విప్పింది. అదే మనిషి. అవే పరుపులు. అంచున అదే ఎర్ర మేజోడు. దాన్ని సిద్దిరాములు చేతిలోని బొమ్మ పక్కన పెట్టింది.

వెంకటి రెండు బొమ్మల వంకా చూశాడు. ఆమె వంక చూశాడు. పక్కన మేక లేదు. ఉన్నా దాని వైపు చూసేవాడు కాదనుకుంటాను.

“వదినె,” అన్నాడు, “నీకు గూడ దొరికిండా?”

కమలవ్వ కొంగుతో మొహం ఒత్తుకుంది. మళ్లీ కొంగు తీసేసరికి ఆమె గొంతు చిన్నపిల్లవాణ్ణి ఆట నుంచి పిలిచే గొంతులా ఉంది. నడుమ రెండేళ్లు గడిచినట్టే లేదు.

“గట్క సల్లారిపోతది. కాళ్లు చేతులు కడుక్కొని రా.”

వెంకటి తన గుమ్మం దాటి అన్న గుమ్మంలోకి పోయాడు. సిద్దిరాములు రెండు బొమ్మలూ పట్టుకుని వెనకే పోయాడు. దేవసహాయం పాతిన గుంజల వంకా మా వంకా చూసి, మరి ఆట సంగతేమిటని అడిగాడు. రాజయ్య అతని భుజం పట్టి ఒకటో నంబరు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఐదోవాడూ ఆరోవాడూ లేకుండా మా ఆట నడవదు గనక, వాళ్లు తిని వచ్చేదాకా మేమంతా అక్కడే కాచుకున్నాం.